తల్లి పక్కన ఒక్క కొడుకు

నోట్‌బుక్కులు మూయండి. పెన్నులు కూడా జేబుల్లో పెట్టుకోండి. మార్కెటింగ్ ఉద్యోగంలో పైకి రావడానికి పది సూత్రాలు చెబుతానని మీ ప్రిన్సిపాల్ గారు బయట బోర్డు మీద రాయించారు. ఆ పదీ నాకు నోటికొచ్చు. పదేళ్ళుగా అవే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఈరోజు చెప్పను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తలుపు తెరిచే ఉంది, వెళ్ళొచ్చు.

వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయనను చూసి ఇందాకటి నుంచి కిసకిసలాడుతున్న మూడో వరుస మహారాజులు కాస్త నోళ్ళు మూసుకోండి. ఆయన దారి తప్పి రాలేదు. పేరు బాలనర్సయ్య. మేడ్చల్‌లో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే దుకాణం ఆయనది. నేనే వెంటబెట్టుకొచ్చాను. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

నా పేరు మాధవీలత. మాది తణుకు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే, సుచిత్ర వెనక కాలనీలో ఉంటున్నాం. రెండు కంపెనీలు నన్ను ఇంటికి పంపేశాక, నలభై మూడో ఏట శామీర్‌పేటలో మధుసూదన్ గారి ప్లాట్ల వ్యాపారంలో మార్కెటింగ్ చూసే పనికి చేరాను. గారు అనడం అలవాటైపోయింది, ఏం చేయను. లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ళ తాతల నాటి పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టి వెంచర్ వేశాడు. ఆ వారం ఆదివారమే ప్రారంభం. ఆ స్టేజీ మీద నన్ను మార్కెటింగ్ డైరెక్టర్‌గా ప్రకటిస్తానని మాటిచ్చాడు. నేను చీర కూడా కొనుక్కున్నాను. నవ్వకండి. రెండుసార్లు ఉద్యోగం ఊడిన ఆడదానికి డైరెక్టర్ అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకు తెలియదు.

మధుసూదన్‌కు ఒక తమ్ముడు, ప్రవీణ్. పొలంలో అతనికీ సగం వాటా. కానీ పంపకం కాగితం మీదికి ఎక్కలేదు. పెద్దవాడు వ్యాపారం చూస్తాడు, చిన్నవాడు సర్పంచ్‌గా నిలబడాలని ఊళ్ళు తిరుగుతాడు. తల్లి రాధమ్మ ఇద్దరి మధ్యా కూర్చుని ఇల్లు నిలబెడుతోంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

వాళ్ళు అంతకుముందు వేయించుకున్న ఫ్లెక్సీ చూస్తే నాకు ఒళ్ళు మండేది. పదకొండు మొహాలు. మధ్యలో మధుసూదన్, కింది వరుసలో తల్లి, ప్రవీణ్, మేనమామలు, బావమరదులు, ఎవరెవరో. రేషన్ కార్డులా ఉండేది. రోడ్డు మీద బండిలో పోయేవాడు మూడు సెకన్లు చూస్తాడు. ఒక బోర్డుకు ఒకే మాట, ఒకటి రెండు మొహాలు, అంతే. ఇది నా రెండో సూత్రం. కింది వరుస మొత్తం పీకేశాను. తల్లి మొహంలో నమ్మకం ఉంది కాబట్టి ఆవిడను పైకి తెచ్చి మధుసూదన్ పక్కన నిలబెట్టాను. కింద, "మా అమ్మ దీవించిన నేల" అని రాశాను. ఆ మాట రాసి నాకు నేనే భుజం తట్టుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మధుసూదన్‌కు ఫోన్‌లో చూపించాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేశాడు. తల్లిని చూశాడు. తర్వాత తల్లికి అటు పక్కన ఖాళీని చూశాడు. చాలాసేపే చూశాడు.

"మస్తున్నది మేడం. కొట్టియ్యి" అన్నాడు.

నలభై ఫ్లెక్సీలకు ఫైలు పంపాను. పావుగంటలో బాలనర్సయ్య గారి ఫోన్.

"అమ్మా, చిన్న పటేలు ఫొటో యాడ వోయింది? మర్సినవా?"

"మర్చిపోలేదు నర్సయ్య గారూ. కావాలనే తీశాను. డిజైన్ అలాగే ఉంటుంది."

"గట్ల కాదు బిడ్డా. అవ్వ పక్కన ఒక్క కొడుకే ఉంటే సూసెటోళ్ళు ఏమనుకుంటరు? చిన్నోన్ని ఎల్లగొట్టిండ్రు అనుకుంటరు. లొల్లయితది. ఒక్కపారి మల్ల అడుగు."

"డిజైన్ చేయడం నా పని, ప్రింట్ చేయడం మీ పని. గంటలో మిషన్ ఎక్కకపోతే సుచిత్రలో పది ప్రెస్‌లు ఉన్నాయి" అన్నాను. అదే గొంతుతో అన్నాను, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నానే, ఇదే పొగరుతో. ఆయన ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల మొహాలు ప్రింట్ చేస్తున్నాడు. ఎవరి మొహం ఎవరి పక్కన ఉండాలో, ఎంత సైజులో ఉండాలో ఆయనకు తెలిసినంత నా ఎంబీఏకు తెలియదు. ఇక్కడి జనం ఫ్లెక్సీని పొలం పాసుపుస్తకంలా చదువుతారు. పేరు ఉందా లేదా అని చూస్తారు.

శుక్రవారం పొద్దున ఆరింటికి ఫ్లెక్సీలు కట్టడం మొదలైంది. ఏడున్నరకల్లా ప్రవీణ్‌కు ఫోన్లు. మీ అమ్మ నిన్ను కాదన్నదా, మీ అన్న నీ వాటా రాయించుకున్నాడా, ఇక ఓట్లకు ఏ మొహం పెట్టుకొని వస్తావు. ఎనిమిదింటికి అతను గండిమైసమ్మ చౌరస్తాకు వచ్చాడు. ఫ్లెక్సీ కడుతున్న మనిషి ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. ప్రవీణ్ ఒక్క మాట అడగలేదు. నిచ్చెన కాలితో తన్నాడు. ఆ మనిషి డివైడర్ మీద పడ్డాడు. చెవి దగ్గర చీలి నెత్తురు కారుతుంటే, అతని పక్కనే నిలబడి ప్రవీణ్ కొబ్బరిబొండాల కత్తితో ఫ్లెక్సీ నరికాడట. తల్లి మొహం మాత్రం వదిలేసి, అన్న మొహం ముక్కలు ముక్కలు చేశాడట.

పదిన్నరకు మా ఆఫీసుకు వచ్చాడు. మధుసూదన్ ఇంకా రాలేదు. వెంట నలుగురు. చేతుల్లో ఇనప రాడ్లు. ముందు అద్దం తలుపు పోయింది. అడ్డం వచ్చిన వాచ్‌మన్‌ను మోకాలి మీద కొట్టారు. ఎముక చప్పుడు నాకు లోపలికి వినపడింది. మధ్య హాల్లో గాజుపెట్టెలో వెంచర్ నమూనా ఉంటుంది. బుల్లి ఇళ్ళు, బుల్లి చెట్లు, బుల్లి పార్కు. ప్రవీణ్ దాని మీదికెక్కి బూటు కాళ్ళతో తొక్కాడు. అమ్మాయిలు బాత్‌రూమ్‌లోకి దూరి గడియ పెట్టుకున్నారు. నేను నా గదిలో నిలబడిపోయాను.

అతను గదిలోకి వచ్చాడు. రాడ్ నా బల్ల మీద పెట్టాడు. దాని కొసకు వాచ్‌మన్ ప్యాంటు పోగు అంటుకొని ఉంది.

"మేడం, సచ్చినోని ఫొటో గూడ దండేసి పెడ్తరు. నేను బతికుండంగనే లేకుంట వోయిన. మా అవ్వ పక్కకెల్లి నన్ను తీసేసిన మొగోడు ఎవడు? మా అన్ననా?"

అప్పుడు నేను చెప్పాల్సింది రెండు మాటలు. తీసింది నేను. నాకు తెలియక తీశాను. ఆడమనిషినని కొట్టకపోయేవాడేమో, కొట్టేవాడేమో, నాకు తెలియదు. ఆదివారం స్టేజీ మాత్రం పోయేది. నా ఏడో సూత్రం ఏమిటో తెలుసా? సమస్య వచ్చినప్పుడు ముందు దాన్ని సంస్థ బయటికి నెట్టు, తర్వాత టైమ్ సంపాదించు. దీనికే మీలాంటి పిల్లలు ఎక్కువ చప్పట్లు కొడతారు.

"మా దగ్గర నుంచి ఫైలు సరిగానే వెళ్ళింది సార్. ప్రింటింగ్ దగ్గర ఏదో పొరపాటు జరిగినట్టుంది" అన్నాను.

"ఏ ప్రెస్సు?"

"మేడ్చల్‌లో... బాలనర్సయ్య గారిది."

పేరు కూడా చెప్పాను. అడ్రస్ చెప్పలేదు, అతనికి తెలుసు.

ప్రవీణ్ రాడ్ తీసుకున్నాడు. "జల్దీ బండి తియ్యుండ్రి" అని అరుచుకుంటూ వెళ్ళాడు. బండ్లు మేడ్చల్ వైపు తిరిగాక నాకు ఊపిరి వచ్చింది. ఏం చేశాను నేను? ఫోన్ తీసి బాలనర్సయ్య గారికి కొట్టాను.

"దుకాణం మూసేసి ఎక్కడికైనా వెళ్ళిపోండి. ప్రవీణ్ వస్తున్నాడు."

"గిప్పుడే తెరిసిన బిడ్డా, బోణీ గూడ కాలే. రానియ్. నువ్వు పంపిన పైలున్నది గద, గదే కొట్టిన అని సూపిస్త."

చూపిస్తే అయిపోయేది. ఆయన ఒంటి మీద ఒక్క దెబ్బ పడేది కాదు. నేను ఏమన్నానో తెలుసా?

"వద్దు, ఏం చూపించకండి. మీరేం మాట్లాడకండి. నేను వస్తున్నాను. నేనే వచ్చి చెబుతాను."

"మంచిది. రా బిడ్డా" అన్నాడాయన.

కారు తీశాను. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా దారి పొడుగునా నా ఫ్లెక్సీలే. రాధమ్మ, పెద్ద కొడుకు, రాధమ్మ, పెద్ద కొడుకు. కొన్ని అప్పటికే చిరిగి వేలాడుతున్నాయి. దారిలో మధుసూదన్‌కు ఫోన్ చేసి ప్రెస్‌కు రమ్మన్నాను. "నువ్వేం పరేషాన్ గాకు మేడం, నేను సూసుకుంట" అన్నాడు. గొంతులో కంగారు లేదు. అది నాకు అప్పుడు ధైర్యంగా అనిపించింది. ఎంత తెలివితక్కువదాన్ని!

నేను వెళ్ళేసరికే అంతా అయిపోతోందని పోలీసులకు రాసిచ్చాను. మా ఆయనకూ అదే చెప్పాను. అది అబద్ధం. ఇప్పుడు మీకు చెప్పేది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆయన మీద చెయ్యి పడకముందే నేను వెళ్ళాను. రోడ్డుకు ఇవతల, దుకాణానికి ఎదురుగా కారు ఆపాను. ఇంజన్ ఆపలేదు. ఏసీ కూడా ఆపలేదు. దుకాణం ముందు అద్దం కాబట్టి లోపలిదంతా కనపడుతోంది. ప్రవీణ్ ఆయన చొక్కా పట్టి కుర్చీలోంచి లేపాడు. చెంప మీద కొట్టాడు. ఇంకో చెంప మీద కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి అద్దానికి తగిలింది. వెంట వచ్చినవాళ్ళు మిషన్‌ను రాడ్లతో బాదుతున్నారు. ఇంకు డబ్బాలు పగిలి నేలంతా ఎరుపూ నలుపూ. ఆయన దాంట్లో జారి పడ్డాడు. జుట్టు పట్టుకొని లేపారు. ప్రవీణ్ ఏదో అడుగుతున్నాడు. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

నా చెయ్యి డోర్ హ్యాండిల్ మీద ఉంది. దిగాలి. దిగి చెప్పాలి. దిగితే ఆదివారం లేదు. ఇంకో నిమిషంలో మధుసూదన్ వస్తాడు, ఆయనే సర్దుతాడు, నేను దిగక్కర్లేదు. ఇలా లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. సిగ్గులేని మనిషిని.

ఫ్లెక్సీ మూలలకు తాడు కట్టడానికి ఇనప రింగులు కొడతారు. దానికో బల్ల, పెద్ద సుత్తి ఉంటాయి. ఆయనను ఆ బల్ల దగ్గరికి ఈడ్చుకుపోయారు. కుడి చెయ్యి బల్ల మీద పరిచి ఇద్దరు పట్టుకున్నారు. ప్రవీణ్ సుత్తి ఎత్తాడు.

మొదటి దెబ్బ పడింది. నా చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. రెండో దెబ్బ పడింది. ఆయన నోరు తెరిచాడు, ఏసీ చప్పుడులో అరుపు వినపడలేదు. మూడో దెబ్బకు నాకు డోర్ తెరవడం వచ్చింది. ఎలా రోడ్డు దాటానో తెలియదు, లారీవాడు తిట్టిన బూతు మాత్రం గుర్తుంది.

"తీసింది నేనే! ఆయన కాదు, నేను!" అని అరిచాను.

ప్రవీణ్ సుత్తి దించాడు. ఒగరుస్తున్నాడు. మొహం నిండా చెమట, దాని మీద ఇంకు. బాలనర్సయ్య గారు బల్ల కిందికి జారిపోయి, చేతిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. అది చెయ్యిలా లేదు.

అప్పుడు మధుసూదన్ బండి వచ్చి ఆగింది. దిగాడు, లోపల చూశాడు, నేరుగా నా దగ్గరికి వచ్చి లాగి ఒక్కటి పీకాడు. చెంప ఛెళ్ళుమంది. చెవిలో గుయ్యిమంది.

"బయటి మనిషి తమ్మీ. మన ఇంటి సంగతి గీమెకేం ఎరుక? అడగక సెయ్యక ఇష్టమొచ్చినట్టు జేసింది. ఇయ్యాల్నే పనిలకెల్లి తీసేస్త."

నా ఏడో సూత్రమే. అక్షరం పొల్లు పోకుండా నాకే అప్పజెప్పాడు. చెంప మంట కంటే అదే ఎక్కువ మండింది.

"ఈయన చూశాడు. నిన్న మధ్యాహ్నం నా ఫోన్‌లో చూశాడు. మీ అమ్మ పక్కన ఖాళీని రెండు వేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాడు. కొట్టించమన్నాడు" అన్నాను.

ప్రవీణ్ అన్న వైపు తిరిగాడు. గొంతు ఒక్కసారి చిన్నపిల్లాడిదైపోయింది.

"సూసినవా అన్నా?"

"లే తమ్మీ, నేనెందుకు సూస్త..."

"అవ్వ మీద ఒట్టేసి చెప్పు. సూడలేదని చెప్పు, నేను ఇంటికి వోత."

మధుసూదన్ నోరు తెరిచాడు. తల్లి మీద ఒట్టు వేయలేకపోయాడు. పొలం వాటా ఎగ్గొట్టాలనుకున్న మనిషికి అది మాత్రం అడ్డం వచ్చింది. ప్రవీణ్ ఇంకొక్క క్షణం చూశాడు. సుత్తి తిప్పి దవడ మీద కొట్టాడు.

పళ్ళు నేల మీద గలగల పడ్డాయి. మధుసూదన్ వెనక్కి పడి, గోడకు ఆనించి ఉన్న మిగిలిన ఫ్లెక్సీల చుట్టల మీద దొర్లాడు. ఒకటి విప్పుకొని పరుచుకుంది. ప్రవీణ్ అతని రొమ్ము మీదికెక్కాడు. కింద నుంచి మధుసూదన్, మిషన్ అద్దం పగిలి పడిన గాజుపెంకు అందుకొని తమ్ముడి పొట్టలో గుచ్చాడు. ఇద్దరూ వదల్లేదు. తిట్టుకుంటూ, గొంతులు పిసుక్కుంటూ, ఇంకులోనూ నెత్తురులోనూ తల్లి బొమ్మ మీద దొర్లారు. వెంట వచ్చినవాళ్ళు రాడ్లు పారేసి పారిపోయారు. పక్క టీ కొట్టువాళ్ళు వచ్చి విడదీసేదాకా ఆగలేదు. విడదీశాక కూడా ప్రవీణ్ ఏడుస్తూనే ఉన్నాడు, "సూసినవన్నా, సూసినవు" అని.

చంపుకున్నారేమో అనుకుంటున్నారా? లేదు. దవడకు తీగలు కట్టారు, పొట్టకు కుట్లు వేశారు. అన్నదమ్ముల మధ్య మాటామాటా పెరిగిందని రాజీ రాసుకున్నారు. రెండు నెలలకు గండిమైసమ్మ చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ లేచింది. మధ్యలో రాధమ్మ, అటొక కొడుకు, ఇటొక కొడుకు. మధుసూదన్‌కు కొత్త పళ్ళు. సైజులు కూడా సమానం, నేను కొలిచి చూశాను. వెంచర్ ప్రారంభమైంది. డైరెక్టర్‌గా ఇంకెవరో చేరారు.

రాజీ కాగితంలో బాలనర్సయ్య గారి పేరు లేదు. ఆయన కుడిచేతికి మూడు వేళ్ళు వంగవు. మౌస్ పట్టుకోలేడు, తాడు ముడి వేయలేడు, అన్నం ఎడమచేత్తో తింటాడు. నేను ఆయన దుకాణంలోనే పని చేస్తున్నాను. డిజైన్లు నేను చేస్తాను, పక్కన కూర్చుని ఎవరి మొహం ఎక్కడుండాలో ఆయన చెబుతాడు. ప్రాయశ్చిత్తమా అని అడగకండి, నాకు ఆ మాట పెద్దది.

అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. ఏమ్మా, నీ పేరేమిటి? సహస్రా? గట్టిగా అడుగు, వెనక్కి వినపడాలి.

"మేడం, నా ప్రశ్న ఆయనకు. తాతా, ఫైలు నీ దగ్గరే ఉంది కదా. మూడు దెబ్బలు పడేదాకా మేడం పేరు ఎందుకు చెప్పలేదు?"

మంచి ప్రశ్న. నేను ఇన్నాళ్ళూ అడగలేకపోయిన ప్రశ్న. దుకాణానికి పేరు పోతుందని ఊరుకున్నాడనో, నా ఉద్యోగం పోతుందని జాలిపడ్డాడనో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెప్పండి నర్సయ్య గారూ, లేవక్కర్లేదు, కూర్చునే చెప్పండి.

"ఏమున్నది బిడ్డా. నేనే వచ్చి చెప్త అన్నది ఫోన్ల. అద్దంలకెల్లి కారు సూసిన, అవుతల ఆగి ఉన్నది." ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి సర్దుకున్నాడు. "దిగుతదనుకున్న."